గుడ్ హోప్ అగ్రం ఆఫ్రికా దక్షిణపు కొసేనా? దాని విశేషాలేమిటి?

కొస అది కాదు. అసలు కొస అగుల్హస్ అగ్రం, గుడ్ హోప్‌కి ఆగ్నేయంగా సుమారు 150 కి.మీ. దూరంలో ఉంది. అయినా పేరంతా గుడ్ హోప్‌కే దక్కింది, అందుకు కారణం ఓడల చరిత్రే. 1488లో పోర్చుగీసు నావికుడు బార్తొలోమ్యు డియాస్ దీన్ని చుట్టి వచ్చాడు. 1497లో ఇదే దారిన వచ్చిన వాస్కో డ గామా మరుసటి ఏడాది కాలికట్ తీరం చేరాడు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది పక్కనే ఉన్న కేప్ పాయింట్ లైట్‌హౌస్ కథ. దాన్ని కొండ నెత్తిన కట్టారు, 1860లో వెలిగించారు. అంత ఎత్తున దీపాన్ని తరచూ మబ్బులు, పొగమంచు కప్పేసేవి. 1911లో లూసిటానియా అనే పోర్చుగీసు ఓడ (1915లో మునిగిన బ్రిటిష్ ఓడ వేరు) అక్కడి బెలోస్ రాయికి కొట్టుకుంది. ఆ తర్వాతే పాతదానికన్నా కిందుగా, సముద్రమట్టానికి 87 మీటర్ల ఎత్తులో కొత్త దీపం కట్టారు. అది 1919లో వెలిగింది.

ఇక ప్రకృతి. ఇక్కడి కొండలు ఇసుకరాయివి, నేలలో సారం తక్కువ. ఆ పేదనేలలోనే ఫిన్‌బాస్ అనే పొదల జాతులు అద్భుతమైన వైవిధ్యంతో పెరుగుతాయి. వాటిలో చాలావాటి విత్తనాలు మొలకెత్తాలంటే కార్చిచ్చు రావాలి. బబూన్ కోతులు, ఉష్ట్రపక్షులు కూడా కనిపిస్తాయి.