పాఠకుల ప్రశ్నలు: పక్క సాలుకు తగిన కంది

కందిని కొర్రలోనో సజ్జలోనో కలిపి వేయడం గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందున, వాటిలో ఐదింటిని ఎంచి ఈసారి శీర్షికను వాటికే కేటాయించాము.

ప్రశ్న (దర్శి ప్రాంతం నుంచి ఒక రైతు): మాది ఎర్ర చెలక. ఐదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది చొప్పున ఏటా గొర్రుతో వేస్తాము. పక్క ఊళ్లో కందిని ఒంటిపంటగా వేసిన రైతుకు బాగా దిగుబడి ఇచ్చిన కొత్త రకాన్ని నిరుడు తెచ్చి మా కొర్రలో వేస్తే, మా పాత కంది కన్నా తక్కువ కాసింది. విత్తనాల అంగడి వారు మేము వేయడంలోనే లోపం ఉందంటున్నారు. ఒంటిగా పండే రకం కలిపి వేస్తే పండకపోవడం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. విత్తడంలో ఏ లోపమూ లేకపోయినా ఉంటుంది. ఒంటిపంటగా వేసిన చేలో కంది మొక్కకు పోటీ మరో కంది మొక్కే. రెండింటి ఎత్తూ, వేళ్ల లోతూ, పూత కాలమూ ఒకటే. మీ చేలో కందికి పక్కన ఉన్నది కొర్ర. అది నెల తిరిగేసరికి కందిని మించి ఎదిగి, 80 నుంచి 90 రోజుల్లో కోతకు వచ్చి తప్పుకుంటుంది. కంది స్వభావరీత్యా మొదటి రెండు నెలలు మెల్లగా ఎదిగే మొక్క కనుక, ఆ కాలమంతా నీడను, పోటీని ఓర్చుకొని, కొర్ర కోసిన తరువాత దక్కిన వెలుతురుతోను నేలలో మిగిలిన తేమతోను పక్క కొమ్మలు వేయగలిగిన రకమే కలిపి వేసిన చోట నెగ్గుతుంది.

ఇక్కడే కొత్త రకాలలో కొన్ని దెబ్బతింటాయి. 120, 130 రోజుల్లో కాపు ముగించే పొట్టి కందులను దగ్గర దగ్గరగా ఒంటిపంటగా వేస్తే ఎకరానికి మొక్కల సంఖ్య పెరిగి బాగానే తూగుతాయి. అదే రకాన్ని కొర్రలో ఆరు సాళ్లకు ఒక సాలుగా వేసినప్పుడు, కొర్ర కోసే నాటికే దానికి పూత మొదలై, కొమ్మ వేసే వయసు దాటిపోతుంది. ఖాళీ అయిన ఐదు సాళ్ల జాగాను వాడుకునే శక్తి దానికి ఉండదు. మీరు పాత కంది అంటున్నది బహుశా 160 రోజులు దాటి నిలిచే, చుట్టూ కొమ్మలు పరుచుకునే రకమై ఉంటుంది. ఆ గుణం ఒంటిపంటలో ఒకదానినొకటి కమ్ముకునే లోపంగా కనిపిస్తుంది, కొర్ర పక్కన అదే లాభమవుతుంది.

మన వైపు మరో సంగతీ ఉంది. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల్లోనే కురుస్తుంది. ప్రకాశంలోనూ అక్టోబరు, నవంబరు వానల పాలు తక్కువేమీ కాదు. ఆ ముసురులో, ఒక్కో ఏడు తుపానులో, కంది మొదటి పూత రాలిపోవడం రైతులందరికీ తెలిసినదే. కొమ్మ చివర పూగుత్తి వేసి అంతటితో ఎదుగుదల ఆపుకునే రకానికి ఆ నష్టం పూడ్చుకోవడం కష్టం. కొమ్మ సాగుతూ కణుపు కణుపుకూ పూత వేసే రకం ఒక విడత పోయినా మరో విడత నిలుపుకుంటుంది. ఈ తేడాను మీరే చూడవచ్చు. కొర్ర కోసిన రోజున కంది సాలు వెంట నడిచి, ఆకు తొడిమ కాండాన్ని అంటిన చోట వేలితో తడమండి. అక్కడ పచ్చటి చిగురు గోరంత పొడుచుకొని ఉంటే ఆ మొక్క ఇంకా విస్తరిస్తుంది. అక్కడ చిగురు లేక, కొమ్మ కొనలన్నీ మొగ్గలతో ముగిసి ఉంటే దాని ఎదుగుదల అంతటితో సరి. అంగడి వారి మాట కన్నా ఈ పరీక్ష నమ్మదగినది.

ప్రశ్న (ఉదయగిరి నుంచి వ్యవసాయ డిప్లొమా విద్యార్థి): ఒంటిగా పండే రకానికీ, కలిపి వేస్తే పండే రకానికీ తేడా ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు, కలిపి వేయడానికే ప్రత్యేకంగా రకాలను ఎందుకు రూపొందించడం లేదు?

జవాబు: ఆలోచన కొత్తదేమీ కాదు. మన పక్కనే పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మొదటి దశాబ్దంలోనే జొన్న, కంది జంటపై విస్తారంగా పని చేసింది. జొన్న దిగుబడి దాదాపు తగ్గకుండానే, ఒంటి కంది దిగుబడిలో సగానికి మించిన భాగం అదే నేల నుంచి అదనంగా రాబట్టవచ్చని ఆ ప్రయోగాలు చూపాయి. అక్కడ పనిచేసిన ఆర్.డబ్ల్యు. విల్లీ, గణాంక శాస్త్రవేత్త ఆర్. మీడ్ 1980లో వివరించిన భూతుల్య నిష్పత్తి (కలిపి వేసిన ఎకరం పంట విడివిడిగా పండాలంటే ఎంత నేల కావాలో చెప్పే అంకె) నేటికీ ఈ రంగంలో కొలబద్ద. లెక్క సులువే. కంది ఒంటిగా ఎకరానికి 6 క్వింటాళ్లు, కొర్ర ఒంటిగా 8 క్వింటాళ్లు పండే చేలో, కలిపి వేసినప్పుడు కంది 4.2, కొర్ర 6 క్వింటాళ్లు వచ్చాయనుకుందాము. మొదటిది 0.70, రెండవది 0.75; మొత్తం 1.45. అంటే ఆ రెండు పంటలనూ అంతే మోతాదులో విడివిడిగా పండించాలంటే ఎకరం 45 సెంట్లు కావాలి.

చిక్కు రకాలను పోల్చేటప్పుడు వస్తుంది. ఒక్కో కంది రకాన్ని దాని సొంత ఒంటిపంట దిగుబడితో భాగిస్తే, ఒంటిగా ఏమీ పండని నాసి రకానికి కూడా నిష్పత్తి ఘనంగా కనబడుతుంది. అందువల్ల పరీక్షలో ఉన్న రకాలన్నింటికీ ఒకే భాజకం, అదీ ఉన్నవాటిలో ఉత్తమమైన ఒంటిపంట దిగుబడి, వాడాలి. మిశ్రమ పంటల మీద వచ్చే కొన్ని ఘనమైన అంకెలను నేను కొంత అనుమానంతో చదవడానికి ఇదే కారణం.

రెండవ చిక్కు పరిమాణానిది. కొత్త రకాలను రూపొందించే ప్రజనన శాస్త్రవేత్త చేతిలో 20 కంది వరుసలు (అంటే సాళ్లు కాదు, ఇంకా విడుదల కాని రకాలు), ఎదుట 10 కొర్ర రకాలు ఉంటే జంటలు 200 అవుతాయి. ప్రతిదాన్నీ మూడేసి మళ్లు, రెండేసి ఊళ్లలో వేయాలంటే 1200 మళ్లు. ఏ పరిశోధన స్థానానికీ అంత నేలా, అంతమంది కూలీలూ ఉండరు. దీనికి విరుగుడు సంకర రకాల తయారీలో ఎప్పటి నుంచో ఉన్నదే: ఒకటి రెండు కొర్ర రకాలను మచ్చుగా తీసుకొని, కంది వరుసలన్నింటినీ వాటి పక్కనే పరీక్షించడం. ఏ పొరుగు పక్కనైనా బాగుండే సాధారణ గుణం ఒకటి, ఫలానా పొరుగుతోనే కుదిరే ప్రత్యేక గుణం మరొకటి. మొదటిది పట్టుబడితే పనిలో పెద్ద భాగం అయిపోయినట్లే. రెండవదాని కోసం ఆశాజనకంగా మిగిలిన నాలుగైదు వరుసలను మాత్రమే తరువాత ఎక్కువ జంటలలో చూస్తారు.

మూడవది ఎంపికలో దాగిన ఉచ్చు. సంకరం చేసిన తరువాత గుణాలు మొక్కకొక తీరుగా విడిపోతున్న తరాలలో ఒక్కొక్క మొక్కను చూసి, అన్నింటికన్నా గుబురుగా కాసిన దాన్ని ఎంచితే, మనం ఎంచేది చాలాసార్లు పక్కవాటి వెలుతురూ నీరూ లాక్కున్న మొక్కనే. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త సి.ఎం. డొనాల్డ్ 1968లోనే, చేనంతా కలిపి ఎక్కువ పండాలంటే ఒక్కొక్క మొక్క బలహీనమైన పోటీదారుగా ఉండాలని గోధుమ విషయంలో వాదించాడు. రెండు జాతులు కలిసిన చేలో ఈ మాటకు బరువు ఇంకా పెరుగుతుంది. కంది వరుసకు మార్కులు వేసేటప్పుడు దాని గింజతో పాటు పక్కనున్న కొర్ర వెన్నులనూ తూయాలి; పొరుగుకు అది చేసిన కీడు లేదా మేలు కూడా దాని ఖాతాలోకే రావాలి. నీడను తట్టుకొనే లేత దశ, సన్నని ఆకులు, లోతుగా దిగే వేరు, ఆలస్యంగా విచ్చుకునే కొమ్మలు వంటి గుణాలు ఈ తూకంలో తేలుతాయి.

ఇవన్నీ దాటినా చివరకు విడుదల దగ్గర ఆగుతుంది. రకాల విడుదలకు ముందు జరిగే బహుళ ప్రాంత పరీక్షలు సాధారణంగా ఒంటిపంటగానే సాగుతాయి కనుక, కలిపి వేస్తే మెరుగనిపించి ఒంటిగా రెండవ స్థానంలో ఉన్న వరుస అక్కడే రాలిపోతుంది. పరీక్షలలో కొన్ని మళ్లనైనా కొర్రతోనో సజ్జతోనో కలిపి వేసి, ఆ ఫలితాన్ని విత్తన సంచి మీద ఒక వాక్యంగా అచ్చు వేయిస్తే, మెట్ట రైతుకు ప్రస్తుతం అక్కడ కనిపించే సగం సమాచారం కన్నా ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

ప్రశ్న (కావలి నుంచి): కంది పక్కన ఉన్న కొర్రకు నత్రజని అందిస్తుందా? అయితే యూరియా మానేయవచ్చా?

జవాబు: పంట నిలిచి ఉన్న కాలంలో కంది వేళ్ల నుంచి కొర్రకు నేరుగా అందే నత్రజని స్వల్పం. కంది తనకు కావలసినదానిలో ఎక్కువ భాగాన్ని వేళ్ల మీది బుడిపెల ద్వారా గాలి నుంచి తీసుకోవడం వల్ల, నేలలోని నత్రజనిని కొర్రకు వదిలిపెడుతుంది. అదే అసలు మేలు. రాలిన కంది ఆకు మేలు తరువాతి పంటకు అందుతుంది. యూరియాను పూర్తిగా మానవలసిన పని లేదు గాని, కొర్రకు అతిగా వేస్తే అది ఏపుగా పెరిగి కందిని కమ్మేయడమే కాక, కంది వేళ్ల మీద బుడిపెలు కూడా తగ్గుతాయి. ఎర్ర నేలల్లో మరో విశేషం ఉంది: కంది వేళ్లు స్రవించే పిసిడిక్ ఆమ్లం, ఇనుముతో బిగుసుకుపోయిన భాస్వరాన్ని విడిపించగలదని ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధన 1990లో వెల్లడైంది. భాస్వరం సున్నంతో బిగిసి ఉండే నల్లరేగడిలో ఈ మేలును అంతగా ఆశించలేము.

ప్రశ్న (పొదలకూరు నుంచి నిమ్మ రైతు): మూడేళ్ల నిమ్మ తోటలో చెట్ల మధ్య ఏ అపరాలు వేయాలి? కంది వేయమని బంధువులు అంటున్నారు.

జవాబు: కంది వద్దు. ఆరేడు నెలలు నిలిచి, నిలువెత్తు పెరిగి లేత నిమ్మకు గాలీ వెలుతురూ తగ్గిస్తుంది. ఇక్కడ చెట్టే ముఖ్యం కాబట్టి అపరాలు దానికి లోబడినవై ఉండాలి. 65 నుంచి 80 రోజుల్లో తప్పుకునే పెసర, మినుము, లేదా తీగ సాగని పొద అలసంద తగినవి. నీడలో ఈ పంటలు పొడవుగా సాగి, పడిపోయి, కాయ తగ్గిస్తాయి కనుక నిటారుగా నిలిచే రకాన్ని చూడండి. తీగ అలసంద మాత్రం నిమ్మ కొమ్మలెక్కి ముళ్ల మధ్య కోతకు నరకం చూపిస్తుంది. మినుము వేసేటట్లయితే ఎల్.బి.జి. 787 వంటి పల్లాకు తెగులును తట్టుకునే రకాన్నే తీసుకోండి. నిమ్మ వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి పాదుల దగ్గర అరక తిప్పకండి. పూత కోసం తోటను బెట్టకు వదిలే రోజుల్లో మధ్యలో తడి కోరే పంట ఉంటే రెండూ చెడతాయి. విత్తే తేదీని ఆ లెక్కతోనే నిర్ణయించుకోండి.

ప్రశ్న (పొదిలి నుంచి ఒక రైతు): మా చేలోనే రకాలను పరీక్షించి, నచ్చిన కందిని విత్తనంగా నిలుపుకోవాలనుకుంటున్నాను. ఎలా చేయాలి?

జవాబు: మూడు రకాలకు మించి పెట్టుకోకండి. ఒకటి మీ పాత కంది, ఒకటి ఎల్.ఆర్.జి. 41 వంటి లాం పరిశోధన స్థానం రకం, మరొకటి దర్శి కృషి విజ్ఞాన కేంద్రం వారు మీ నేలకు తగినదని చెప్పినది చాలు. మూడింటికీ పక్కన ఒకే కొర్ర రకం, ఒకే రోజు విత్తడం, ఒకే ఎరువు ఉండాలి. చేను పల్లం వైపు ఒకసారి, మెరక వైపు ఒకసారి ఒక్కో రకానికి ఒక్కో పట్టీ వేయండి; ఒక్క చోటే వేస్తే గెలిచింది రకమో నేలో తేలదు. గట్టు పక్క సాళ్లను తూకంలో కలపకండి, అక్కడ వెలుతురు ఎక్కువ కనుక ప్రతి రకమూ బాగానే కనిపిస్తుంది. కొర్రనూ కందినీ పట్టీల వారీగా విడివిడిగా తూచి, ఆ రోజు మార్కెట్ ధరతో రూపాయల్లోకి మార్చి కలపండి. ఒక ఏడు వానలు చూసి తీర్మానించకుండా మరుసటి ఏడు కూడా వేయండి.

విత్తనం కోసం మొక్కలను ఎంచేటప్పుడు, కంది గుబురుగా ఉండి పక్క కొర్ర చిన్నబోయిన చోటును వదిలి, రెండూ నిండుగా ఉన్న చోట తీసుకోండి. ఆ చోటును కొర్ర కోతకు ముందే గుర్తించి కందికి గుడ్డ పేలిక కట్టుకోవాలి, తరువాత ఆనవాలు దొరకదు. ఎండు తెగులు సోకిన మొక్క చుట్టుపక్కల నుంచి తీసుకోకండి. జొన్నతో కలిపి వేసిన చేలో కందికి ఈ తెగులు తగ్గుతుందని తేలినా, తెగులును తట్టుకొనే రకానికి అది బదులు కాదు. 1993లో విడుదలైన ‘ఆశ’ అనే కంది రకానికి పేరు వచ్చింది ఎండు తెగులునూ వెర్రి తెగులునూ తట్టుకోవడం వల్లనే.

కందిలో తేనెటీగల ద్వారా పరపరాగ సంపర్కం జరుగుతుంది. ప్రాంతాన్ని బట్టి, ఈగల సంఖ్యను బట్టి పూలలో ఐదో వంతు దాకా, ఒక్కోచోట ఇంకా ఎక్కువగా, బయటి పుప్పొడి పడవచ్చు. మూడు రకాలు పక్కపక్కన ఉన్న పరీక్ష చేలో గింజను అలాగే విత్తనంగా వాడితే రెండు మూడేళ్లలో రకం చెదిరిపోతుంది. వేరే కందికి కనీసం 200 మీటర్ల దూరంలో విత్తనపు మడి వేయడం సరైన పద్ధతి. అంత చోటు లేకపోతే, ఎంచిన మొక్కల కొమ్మలకు మొగ్గలు విచ్చకముందే పలుచని మల్లు గుడ్డ సంచులు తొడిగి, కాయ నిలిచాక తీయండి. వాటిలోని గింజే మీ మూల విత్తనం. కొర్రకు ఈ బాధ లేదు, అది ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కట్టుకుంటుంది. సజ్జ మాత్రం పరపరాగం మీద ఆధారపడేది కాబట్టి, కంది పక్కన సజ్జ వేసే వారు ఆ విత్తనాన్ని ఏటా కొత్తగా కొనుక్కోవడమే మేలు.