ముందు నీ చెయ్యి చూపించు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న భీమవరం నుంచి ఫోన్ చేసి, "నీ కూతురు తుపాకీ కొంటోందిట్రా, నువ్వన్నా చెప్పు" అన్నాడు. గుండె ఝల్లుమంది. ఫోన్ పెట్టేశాక కాస్త గర్వంగానూ అనిపించింది, ఆ మాట మాత్రం మీ నాన్నకి చెప్పకు. బొద్దింకని చూసి మంచమెక్కి అరిచిన పిల్లవి నువ్వు! అల్లుడుగారు వారంలో నాలుగు రోజులు ఊళ్లు తిరుగుతారు, ఇంట్లో నువ్వూ బుజ్జిగాడూ. వద్దనడానికి నాకేం మొహం ఉంది? డాలస్‌లో ఇరవై రెండేళ్లు గ్యాస్ స్టేషన్ నడిపాను, కౌంటర్ కింద పెట్టుకునే కూర్చున్నాను.

కాగితాల సంగతి చిన్నదే. నీకు గ్రీన్ కార్డ్ ఉంది, 21 ఎప్పుడో దాటాయి. షాపులో 4473 అని, తుపాకీ కొనేవాళ్లు నింపే ఫెడరల్ ఫారం ఇస్తారు, ఉన్నదున్నట్టు నింపు. ఎటొచ్చీ మీ మరిది ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నాడు. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా ఆ వీసావాళ్లు తుపాకీ పట్టుకుంటే ఫెడరల్ నేరం. రేంజ్‌లో (గురి ప్రాక్టీసు చేసే చోట) సరదాకి కూడా అతని చేతికివ్వకు. అతనికి కోపమొస్తే నా పేరు చెప్పు.

ఇక అసలు విషయం. ఆఫీసులో ఎవరో "45 అయితే ఒక్క దెబ్బకి దొంగ పడిపోతాడు" అన్నారట, నువ్వు దానిమీదే కూర్చున్నావట. ఈ 45, 9 ఎంఎం లాంటివన్నీ గుండు లావుని బట్టి పెట్టిన పేర్లు. 45 ఏసీపీ గుండు మామూలుగా 230 గ్రెయిన్లు ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే పదిహేను గ్రాములు, రెండు కాసులకి కొంచెం తక్కువ. 9 ఎంఎంలో 115 గ్రెయిన్లది సరిగ్గా సగం. కాసు బరువు కూడా ఉండదు గానీ వేగం ఎక్కువ. కాసుల్లో తేడా చూసి మనవాళ్లకి బరువైనదే గొప్పనిపిస్తుంది. తుపాకీ నగ కాదమ్మా.

ఎఫ్‌బీఐ వాళ్లే ఈ దారిలో ఒక చుట్టు తిరిగొచ్చారు. 1986లో మయామీలో ఇద్దరు దొంగలతో కాల్పులు జరిగి ఇద్దరు ఏజెంట్లు పోయారు. 9 ఎంఎం చాల్లేదని తేల్చి 10 ఎంఎంకి వెళ్లారు. అది పేల్చినప్పుడు చేతిని మరీ వెనక్కి తన్నుతోందని దాంట్లో తుపాకీమందు కొంత తగ్గించారు. ఆ దారిలోనే 1990లో 40 ఎస్ అండ్ డబ్ల్యూ అనే మధ్యరకం గుండు వచ్చింది. పాతికేళ్లు అటూ ఇటూ తిరిగి మళ్లీ 9 దగ్గరికే చేరారు. ఈలోపు గుళ్ల తయారీ మెరుగుపడింది, పైగా అదైతే ఎక్కువమంది త్వరగా, గురిగా కాలుస్తున్నారని తేలింది. ఉద్యోగమే అదైనవాళ్ల సంగతి ఇలా ఉంది.

నా సంగతి ఇంకా ఘోరం. ఇది మీ నాన్నకి కూడా తెలీదు.

మేము షాపు కొన్న కొత్తల్లో పక్క వీధి షాపులో దోపిడీ జరిగింది. నేను రాత్రి పదకొండుదాకా కౌంటర్‌లో, మీ పిన్ని ఇంట్లో ఒక్కతీ. మర్నాడే తుపాకుల షాపుకి వెళ్లి, ఆడవాళ్లకి అనువుగా చిన్నది కావాలని అడిగాను. అరకిలో కూడా లేని బుల్లి రివాల్వర్ తీసిచ్చాడు, 357 మాగ్నమ్ (మందు ఎక్కువుండే రకం), ఐదు గుళ్లది. చిన్నది, తేలిక, పైగా మాగ్నమ్! కాల్చి చూడకుండానే డబ్బు కట్టేశాను. తుపాకీ ఎంత తేలికైతే తన్ను అంత చేతికొస్తుందని ఆరోజు నాకు తెలీదు. తెలిసినవాణ్ణి అడగలేదు కూడా.

ఆదివారం రేంజ్‌కి తీసుకెళ్లాను. మొదటి గుండుకి పిన్ని గాజులు గల్లుమన్నాయి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కమిలిపోయింది. రెండోదానికి కళ్లు మూసేసుకుంది. అయిదూ అయ్యేసరికి టార్గెట్ కాగితం మీద ఒక్క చిల్లు, అదీ మూలన. తుపాకీ బల్లమీద పెట్టి "ఇంక నావల్ల కాదండీ" అంది. నేను ఊరుకున్నానా? పక్కన నలుగురు చూస్తుండగా "ఇంత పిరికిదానివేంటి" అని కసిరాను. ఇంటికొచ్చేదాకా కారులో కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు అది అలమారులో పట్టుచీరల వెనక పడుంది.

ఒక రాత్రి ఎవడో పెరటి తలుపు దబదబా బాదాడు. తాగి ఇల్లు పొరబడ్డ పొరుగువాడు, ఆ సంగతి తర్వాత తెలిసింది. పిన్ని బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని, నేల మీద కూర్చుని 911కి ఫోన్ చేసింది. నేనొచ్చి "తుపాకీ ఉందిగా" అంటే నా మొహం చూసి, "అది గుర్తే రాలేదండీ" అంది.

అప్పుడు సిగ్గొచ్చి ఇద్దరం ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర చేరాం. ఆయన ముందు నన్ను నిలబెట్టి, రివాల్వర్‌లో నిజం గుళ్ల మధ్య కాల్చేసిన ఖాళీలు కలిపాడు, ఏది ఎక్కడుందో నాకు చెప్పకుండా. ఢామ్, ఢామ్, మూడోది 'టిక్'. ఆ టిక్‌కి గొట్టం మూతి రెండంగుళాలు కిందికి దిగింది. పేలకుండానే నా చెయ్యి ఉలిక్కిపడింది! పిరికివాణ్ణి నేను. తర్వాత పిన్ని చేతికి బరువైన ఉక్కు రివాల్వర్ ఇచ్చి, తక్కువ మందుండే 38 స్పెషల్ గుళ్లు వేశాడు. (357 రివాల్వర్‌లో 38 పేలుతుంది, 38లో 357 వేయకూడదు.) ఏడు గజాల్లో ఆవిడ ఆరు గుళ్లూ అప్పడమంత మేరలో పడ్డాయి.

కాబట్టి ముందు తుపాకులు అద్దెకిచ్చే రేంజ్‌కి పోదాం. చిన్న గుండు 22తో మొదలుపెట్టు, తన్ను దాదాపు ఉండదు, చెయ్యి భయం నేర్చుకోదు. తర్వాత మీడియం సైజు 9 ఎంఎం. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద సుఖంగా ఆనాలి, స్లైడ్ (పిస్టల్ పైన జరిగే ముక్క) నువ్వే వెనక్కి లాగగలగాలి. యాభై గుళ్లయ్యాక ఇంకో యాభై కాల్చాలనిపిస్తే అది నీది. స్లైడ్ లాగలేకపోతే 380 చూద్దాం, కొన్నిట్లో తేలిగ్గా వస్తుంది. మందు తక్కువ కదా అని గుప్పిట్లో పట్టే బుల్లిది మాత్రం కొనకు, మళ్లీ నా కథే. కొన్ని 380 పెట్టెల మీద '9 ఎంఎం షార్ట్' అని ఉంటుంది, 9 అనుకుని తెచ్చుకునేవు.

నాకు దొంగ భయం కన్నా బుజ్జిగాడి భయం ఎక్కువ. నీ మంచం వెనక గోడ షీట్‌రాక్, అంటే పల్చటి జిప్సం పలక, దానవతల వాడి గది. ఏ సైజు గుండైనా ఆ గోడలో ఆగదు. ఎటు కాల్చకూడదో ఇంట్లో నడిచి చూసి పెట్టుకో. సేఫ్ ముందు కొను, తుపాకీ తర్వాత. గుళ్లున్న తుపాకీ పిల్లలకి అందేలా వదిలేసి, అది వాళ్ల చేతికి చిక్కితే టెక్సాస్‌లో నేరం కూడాను. మన తాతయ్య జోడు గొట్టాల తుపాకీ గుర్తుందా? ఎలక్షన్లొచ్చినప్పుడల్లా పంచెలో చుట్టుకెళ్లి పోలీస్‌స్టేషన్‌లో అప్పజెప్పేవారు. మిగతా రోజుల్లో ఇనప్పెట్టెలో ఉండేది, తాళంచెవి ఆయన మొలతాడుకి. స్నానానికి వెళ్లినా తీసేవారు కాదు. నేను ఆరేళ్లవాణ్ణి, ఆ తాళంచెవి కోసం ఎన్ని వేషాలు వేశానో నీకు తెలీదు. బుజ్జిగాడు నా పోలికే.

శనివారం పొద్దున్నే వచ్చెయ్. మెడదాకా ఉండే చొక్కా వేసుకో, పేలిన గుండు వేడి ఖాళీ తొడుగు ఎగిరి లోపల పడితే గంతులేస్తావు. జుట్టు ముడేసుకో. బుజ్జిగాణ్ణి పిన్ని చూసుకుంటుంది. ఆ పాత బుల్లి రివాల్వర్ ఇంకా ఉంది, దాంతో ఒక్క గుండు కాల్పిస్తే నీకే అర్థమవుతుందనుకున్నాను. ఈ ముక్క రాస్తుంటే భుజం మీంచి చదివి, "మీరు చేసిన పని చాలు, దాని చెయ్యి కూడా పాడుచేస్తారా" అంటోంది పిన్ని. సరే, కాల్పించను.

మీ బాబాయ్