సిస్టర్ పిలిచినప్పుడు తలుపు కాడ నువ్వుండాల

ఒరే నాయనా,

నిన్న ఫోన్లో నీ భార్య కాన్పు సంగతి మాట్లాడుతుంటే "ఆడోళ్లందరూ ఉంటారు కదా చిన్నాయనా, అక్కడ నాకేం పనుంటుంది" అంటివే, ఆ మాటే రాత్రంతా మనసులో తిరిగింది, అందుకే కూర్చోని ఇదంతా టైప్ చేస్తాండా, పెద్దగా ఉందని పక్కన పెట్టొద్దు, తీరిగ్గా చదువు.

మన కర్నూలు పెద్దాసుపత్రిలో గానీ యాడైనా సర్కారు ఆసుపత్రిలో గానీ కాన్పుల వార్డు లోపలికి మామూలుగా మగోళ్లను రానీయరు, నిజమే. లోపల మీ అత్త ఉంటుంది. కానీ ఏది కావాల్సొచ్చినా సిస్టర్ తలుపు తీసి పేషెంట్ పేరు చెప్పి "తాలూకు ఎవరు" అని ఒక్క కేక వేస్తుంది, ఆ తాలూకు నువ్వే. మందుల చీటీ, రక్తం శాంపిల్, ఆపరేషన్ కాగితం మీద సంతకం, బిడ్డను చుట్టడానికి గుడ్డ, అన్నీ ఆ తలుపు కాడికే వస్తాయి.

మా పెద్దోడు పుట్టినప్పుడు నేను చేసిన తప్పు నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ చిన్నమ్మకు రాత్రి రెండింటికి నొప్పులు ఎక్కువైనాయి, ఇంగా టైముంది అన్నారని నేను గేటు బయటికి టీకి పోయినా, అక్కడ తెలిసినాయన కనబడితే మాటల్లో పడిపోయినా, సెల్లులు లేని కాలం అది. అంతలోనే ఆపరేషన్ చెయ్యాల, రక్తం తెండి అని చీటీ ఇచ్చినారంట. మా అత్తకు చదువు రాదు, పాపం ఆ చీటీ పిడికిట్లో పట్టుకోని వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నన్ను వెతుక్కుంటా తిరిగింది. నేనొచ్చేసరికి ముప్పావుగంట అయింది. చీటీ చెమటకు మెత్తబడి గ్రూపు రాసిన చోటే ఇంకు అలుక్కుపోయింది, రక్తం ఇచ్చే చోట అది చూసి ఇట్ల కుదరదు పో అన్నారు, మళ్లీ పైకి పరిగెత్తి ఇంకో చీటీ రాయించుకోని వచ్చినా. దేవుని దయ, ఇద్దరూ క్షేమంగా బయటపడినారు, ఆ చీటీ మాత్రం నా కండ్ల ముందర నుంచి ఇప్పటికీ పోలేదు.

కాబట్టి మొదటి మాట, నువ్వు ఒక్కడివే ఉండొద్దు. మీ బావమరిదిని పిలుచుకో, ఒకరు మెడికల్ షాపుకు పోతే ఇంకొకరు తలుపు కాడ. అన్నానికి పోయినా బాత్రూమ్‌కు పోయినా అంతే.

రక్తం సంగతి ఇప్పుడే చూసుకో. అమ్మాయి గ్రూపు ఏందో నీకు నోటికి రావాల. ఆ గ్రూపు వాళ్లు ముగ్గురి నంబర్లు పెట్టుకో, మూడు నెలల లోపల రక్తం ఇచ్చిన మగోళ్లు మళ్లీ ఇచ్చేదానికి పనికిరారు, అది కూడా అడిగి రాసుకో. నెగటివ్ గ్రూపు అయితే, బిడ్డది పాజిటివ్ వస్తే 72 గంటల్లోపల ఒక ఇంజెక్షన్ వెయ్యాల, యాంటీ డి అంటారు, డాక్టర్లు చూస్తారు గానీ నువ్వు కూడా గుర్తు చెయ్.

ఇంగ లీవు. డేటు ఇరవై అని ఇచ్చినారు కదా అని పంతొమ్మిది రాత్రి బెంగళూరులో బస్సెక్కుతానంటే కుదరదు నాయనా, 37 వారాలు నిండినాక ఎప్పుడైనా నొప్పులు రావచ్చు. కనీసం పది రోజులు ముందే వచ్చేయ్. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలికలు తగ్గినా, విపరీతంగా తలనొప్పి వచ్చి కండ్లు మసకేసినా నొప్పుల కోసం ఎదురుచూడొద్దు, వెంటనే 108కి కొట్టు.

కాగితాలన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టు, తల్లీబిడ్డ కార్డు, స్కానింగులు, రక్తం రిపోర్టులు, ఇద్దరి ఆధార్లు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, అన్నిటికీ నాలుగేసి జిరాక్సులు. ఆ కవరు అత్త సంచిలో కాదు, నీ చంకలో ఉండాల. ఫోన్ పే ఉంది కదా అనుకోవద్దు, సిగ్నల్ లేని చోట ఏం చేస్తావు, వంద నోట్లు, ఐదు వందల నోట్లు కొంచెం జేబులో ఉంచుకో. సంచిలోకి ముందర జిప్ ఉన్న నైటీలు, ప్యాడ్లు, ఫ్లాస్కు, బకెట్, మగ్గు, దుప్పటి, నీకు పడుకునేదానికి చాప. బిడ్డకు కొత్త గుడ్డలు వద్దు, మీ నాయన పాత పంచెలు ఉతికి ఎండలో ఆరేసి చించి పెట్టమని మీ అమ్మకు చెప్పినా.

బిడ్డ పుట్టినాక నీకు అసలు పని మొదలవుతుంది. మన ఆడోళ్లకు ప్రేమ శానా, ఒకరు తేనె నాకిస్తామంటారు, ఒకరు ఆముదం అంటారు, గాడిదపాలు తాపిస్తే ఆయాసం రాదంటారు. ఏదీ వద్దు. గంటలోపల ముర్రుపాలు పట్టించాల, ఆరు నెలలు తల్లిపాలే. అమ్మాయి పడకలో ఉండి పెద్దోళ్లకు ఎదురు చెప్పే స్థితిలో ఉండదు, నువ్వే చెప్పాల, కసురుకోకుండా "డాక్టరమ్మ వద్దనింది అత్తా" అని చెప్పు, వింటారు. అట్లనే బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని మనవైపు ఒక పద్ధతుంది, అది తప్పు, పాలు పడాలంటే నీళ్లు తాగాల. ఆపరేషన్ అయితే ఎప్పటి నుంచి తాగొచ్చో సిస్టర్‌ను అడిగి మొదటి గ్లాసు నీ చేత్తో ఇయ్యి.

ప్యాడ్ గంటకే తడిసి ముద్దయినా, బిడ్డ మొదటి రోజే పచ్చగా మారినా, పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, డొక్కలు ఎగరేసినా, అర్ధరాత్రయినా సరే సిస్టర్‌ను లేపు, తిట్టినా పర్వాలేదు. బీసీజీ టీకా, పోలియో చుక్కలు, 24 గంటల్లోపల వేసే హెపటైటిస్ బి టీకా, మూడూ కార్డులో ఎక్కించినారా చూసుకో. బర్త్ సర్టిఫికెట్ ఫారంలో మీ ఇద్దరి పేర్లు ఆధార్లో ఉన్నట్లే అక్షరం అక్షరం రాయి, 21 రోజుల్లో రిజిస్టర్ కావాల, బిడ్డ పేరు తర్వాత ఏడాది లోపల ఎక్కించుకోవచ్చు, తొందర లేదు. సర్కారు ఆసుపత్రి నుంచి ఇంటికి 102 బండి ఉచితంగా దింపుతుంది, డిశ్చార్జ్ రోజు పొద్దున్నే అడుగు.

ఒక్క మాట మటుకు గట్టిగా చెప్తా. ఆడబిడ్డయినా మగబిడ్డయినా, అమ్మాయి బయటికి వచ్చేటప్పుడు ముందు చూసేది నీ మొగమే, బిడ్డను కాకుండా ముందు ఆమెను పలకరించు, నొప్పి ఎట్లుందని అడుగు.

వచ్చే పదో తేదీ నుంచి నేను యాడికీ పోను, బండి ఇంటి ముందరే ఉంటుంది, రాత్రి ఏ టైమైనా ఫోన్ చెయ్. మీ చిన్నమ్మ ఫ్లాస్కు కడిగి పెట్టింది, కొత్తది కొనొద్దు.

మీ చిన్నాయన