వర్డ్‌స్టార్ ఫైల్: మాటల చివర పిచ్చి గుర్తులు

మీ నాన్నగారి 1989 నాటి ఉత్తరాలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మాటల చివర పిచ్చి గుర్తులు వస్తున్నాయని అడిగారు కదా, అవి పాడవలేదండి. అవి వర్డ్‌స్టార్ అనే పాత టైపింగ్ ప్రోగ్రామ్‌లో రాసినవి. మామూలు ఇంగ్లిష్ అక్షరానికి ఏడు బిట్లు (0 లేదా 1 అంకెలు) చాలు. కానీ డాక్యుమెంట్ మోడ్‌లో వర్డ్‌స్టార్ మాట చివరి అక్షరానికి ఎనిమిదో బిట్‌ని కూడా 1గా పెట్టేది. అందుకే నోట్‌ప్యాడ్‌లో ఆ అక్షరాలే గుర్తులుగా కనిపిస్తున్నాయి.

1. ఫైల్‌కి కాపీ తీయండి.

2. నోట్‌ప్యాడ్‌లో చూడండి, సేవ్ మాత్రం కొట్టొద్దు. చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు. నోట్‌ప్యాడ్ ఫైల్‌ని యూటీఎఫ్-8గా (ఇప్పటి అక్షరాల కోడ్‌లో) తిరగరాస్తే అసలు బైట్లు దక్కకపోవచ్చు. ఇప్పటికే సేవ్ చేసుంటే ఫ్లాపీ నుంచి మళ్లీ కాపీ చేసుకోండి.

3. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫైల్‌ని బైనరీగా, అంటే అక్షరాలుగా మార్చకుండా ఉన్న బైట్లుగానే, తెరవండి. ప్రతి బైట్‌నీ 127తో బిట్‌వైజ్ యాండ్ (& గుర్తు) చేసి, అంటే ఎనిమిదో బిట్ తీసేసి, కొత్త పేరుతో రాయండి.

4. చుక్కతో మొదలయ్యే లైన్లు పేజీ ఆదేశాలు, తీసేయండి. విలువ 2 ఉన్న బైట్లు బోల్డ్ గుర్తులు. వాటిని ఉంచండి, ఆయన ఏ మాట నొక్కి చెప్పారో తెలుస్తుంది.