క్రిటెండెన్ రాజీ వీగింది, కార్విన్ సవరణ గట్టెక్కింది: ఎందుకు?

ఈ రెండూ అమెరికా అంతర్యుద్ధానికి ముందు, 1860–61 చలికాలంలో, దక్షిణాది రాష్ట్రాలు విడిపోకుండా ఆపడానికి అమెరికా కాంగ్రెస్ ముందుకొచ్చిన రాజ్యాంగ సవరణ ప్రతిపాదనలు. రెండూ బానిసత్వాన్ని కాపాడేవే కదా, బానిసత్వ విస్తరణను వ్యతిరేకించే రిపబ్లికన్లు ఒకదాన్ని కాదని, కాంగ్రెస్‌లో రెండోది గట్టెక్కడానికి ఎలా ఒప్పుకున్నారని మీ వ్యాసం కోసం అడిగారు. తేడా కొత్త నేలకు బానిసత్వం పాకడం దగ్గరుంది.

కార్విన్ సవరణ అప్పటికే బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో కేంద్రం వేలు పెట్టకూడదంది. రాష్ట్రాల లోపలి వ్యవహారాలు రాష్ట్రాలవేనని రిపబ్లికన్ల 1860 ఎన్నికల ప్రణాళికే చెప్పింది కాబట్టి కొందరికి అది మింగుడుపడింది. రాజ్యాంగ సవరణకు కాంగ్రెస్ రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. దీనికి ప్రతినిధుల సభలో 133–65 ఓట్లు వచ్చాయి, సెనేట్‌లో 24–12. సెనేట్‌లో సరిగ్గా మూడింట రెండొంతులు!

ఇప్పుడు కెంటకీ సెనేటర్ క్రిటెండెన్ 1860 డిసెంబర్ 18న పెట్టిన ఆరు సవరణల్లో మొదటిది నిదానంగా చదవండి. 36°30′ అక్షాంశ రేఖకు దక్షిణాన ఉన్న టెరిటరీల్లో, అంటే ఇంకా రాష్ట్రాలు కాని ప్రాంతాల్లో, బానిసత్వానికి రక్షణ. అది అప్పటికి చేతిలో ఉన్న నేలకే కాదు, ఇకపై సంపాదించబోయే నేలకూ వర్తిస్తుంది. అసలు చిక్కంతా ఆ చివరి మాటలోనే ఉంది. క్యూబా కోసం, మెక్సికో కోసం దండయాత్రలకు అది తలుపు తెరుస్తుందని, అప్పటికే అధ్యక్షుడిగా ఎన్నికైన రిపబ్లికన్ నేత లింకన్ భయం. విస్తరణపై రాజీ వద్దని డిసెంబర్ 10నే రిపబ్లికన్ సెనేటర్ ట్రంబుల్‌కు రాశారు.

అయితే తప్పంతా రిపబ్లికన్లదే అని రాయకండి. 1861 జనవరి 16న సెనేట్‌లో క్రిటెండెన్ ప్రతిపాదన స్థానంలో, ఉన్న రాజ్యాంగమే చాలు, సవరణలు అక్కర్లేదన్న రిపబ్లికన్ సెనేటర్ క్లార్క్ తీర్మానం 25–23తో నెగ్గింది. ఆరుగురు దక్షిణాది సెనేటర్లు సభలో ఉండి కూడా ఓటేయలేదు. నా దృష్టిలో ఇది చాలా బాధ్యతారహితమైన పని, మీ వ్యాసంలో తప్పక ఉండాలి.

ఫిబ్రవరిలో మాజీ అధ్యక్షుడు టైలర్ అధ్యక్షతన, రాజీ కోసం రాష్ట్రాల ప్రతినిధులు జరిపిన శాంతి సమావేశాన్ని రెండు వాక్యాల్లో ముగించవచ్చు. అప్పటికే ఏడు రాష్ట్రాలు విడిపోయాయి, అవేవీ దానికి రాలేదు.