రెండేళ్ల ఫెలోషిప్‌పై పన్ను లేదన్నారు... ఆ డబ్బు ఖర్చు పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. హైదరాబాద్‌లో ఎకనామిక్స్ పీహెచ్‌డీ ఈ మధ్యే పూర్తయింది. అమెరికాలో ఒక యూనివర్సిటీ రెండేళ్ల పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ఇచ్చింది. సెమిస్టర్‌కు ఒక కోర్సు చెప్పాలి, మిగతా సమయమంతా సొంత పరిశోధనకే. జీతం ఏడాదికి 72,000 డాలర్లు, వీసా జే-1, 2026 ఆగస్టులో చేరాలి. వీలైతే మూడో ఏడాదికి పొడిగిస్తామని ఆఫర్ లెటర్‌లో ఒక వాక్యం ఉంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం వల్ల రెండేళ్లూ ట్యాక్స్ ఉండదని సీనియర్లు అంటున్నారు. నాన్నగారి వైద్యానికి చేసిన అప్పు 6 లక్షలుంది, నూటికి రూపాయిన్నర వడ్డీ. మిగిలే పన్ను డబ్బుతో ఆ అప్పు తీర్చి, తర్వాత ఇంటిపైన ఒక పోర్షన్ వేద్దామనుకుంటున్నాను. పెళ్లి కాలేదు. నా ఆలోచన సరైనదేనా?

జవాబు: అప్పు తీర్చండి, కానీ ఆ డబ్బుతో కాదు. పోర్షన్ సంగతి 2028 మార్చి దాకా ఎత్తకండి. ఎందుకంటే మీ సీనియర్లు చెప్పింది నిజమే గానీ, సగమే చెప్పారు.

ఒప్పందంలోని 22వ అధికరణం ప్రకారం, అక్కడికి వెళ్లే ముందు వరకు భారత్‌లో రెసిడెంటుగా ఉన్న వ్యక్తి యూనివర్సిటీలో బోధనకో పరిశోధనకో వెళ్తే, ఆ జీతంపై అమెరికా ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ రెండేళ్ల వరకు ఉండదు. అమెరికాలోనే పీహెచ్‌డీ చేసి అక్కడే ఫెలోగా చేరినవాళ్లకు ఇది వర్తించదు, మీకు వర్తిస్తుంది. సీనియర్లు వదిలేసిన సగం ఇదీ: మీరు అక్కడ ఉండే కాలం రెండేళ్లు దాటితే, దాటిన రోజుల మీద మాత్రమే కాదు, మొదటి రోజు నుంచీ మినహాయింపు మొత్తం పోతుంది. పాత రెండేళ్ల రిటర్నులు సవరించి, కట్టని పన్ను వడ్డీతో సహా కట్టాలి.

ఆ పన్ను ఎంతో చూద్దాం. 2026 శ్లాబుల్లో తొలి 12,400 డాలర్లకు 10%, అక్కడి నుంచి 50,400 వరకు 12%, ఆపైన 22%. జే-1 మీద వెళ్లిన స్కాలర్‌ను తొలి రెండు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్ రెసిడెంటుగానే చూస్తారు. నాన్ రెసిడెంటుకు స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. మన దేశపు విద్యార్థులకు ఒప్పందం ఆ వెసులుబాటు ఇచ్చింది గానీ స్కాలర్లకు ఇవ్వలేదు. కాబట్టి 72,000 మీద పన్ను ఏడాదికి సుమారు 10,550, అంటే నెలకు 880 డాలర్లు. 2026లో మీ జీతం అయిదు నెలలదే, ఆ 30,000 మీద పన్ను 3,350. 2027కు 10,550. 2028లో మీరు రెసిడెంటు అవుతారు, స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది, జులై దాకా కోయని పన్ను మరో 4,100 వరకు తేలుతుంది. శ్లాబులు ఏటా కాస్త కదిలినా మూడూ కలిపి 18,000 డాలర్లకు దగ్గరగానే ఉంటుంది. డాలర్ 90 రూపాయలనుకుంటే 16 లక్షల పైమాట. ఆ డబ్బు పోర్షన్ గోడల్లో ఉండగా నోటీసు వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మూడో ఏడాది పొడిగింపు వద్దనుకుంటే సరిపోతుందా? సరిపోదు. ఎకనామిక్స్ ఉద్యోగాల క్యాలెండర్ మీకు తెలిసిందే. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ ప్రకటనలు ఆగస్టు నుంచి మొదలవుతాయి, దరఖాస్తులు నవంబర్‌లో, ఇంటర్వ్యూలు డిసెంబర్-జనవరిల్లో, ఆఫర్లు ఫిబ్రవరి-మార్చిలో. మీరు 2027 శరదృతువులో ఆ మార్కెట్‌లోకి దిగుతారు. అక్కడే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చి, వీసా మార్చుకుని ఉండిపోయారంటే, అప్పుడూ రెండేళ్లు దాటినట్టే. అంటే మార్కెట్‌లో గెలిస్తే పాత పన్ను కట్టాలి, భారత్‌కో యూరప్‌కో వెళ్తే ఆ డబ్బు మీదవుతుంది. ఈ విషయం 2028 మార్చికి గానీ తేలదు. ఆ ఉద్యోగం వస్తే మాత్రం 18,000 కోసం వదులుకోవద్దు, కొత్త జీతం ముందు అది పెద్ద మొత్తం కాదు.

అందుకని ఈ 880 డాలర్లను ముడుపు అనుకోండి. జీతం పడిన రోజే ఆటోమేటిక్‌గా వేరే సేవింగ్స్ ఖాతాకు వెళ్లేలా పెట్టండి, దానికి డెబిట్ కార్డు తీసుకోకండి. నాన్ రెసిడెంటుగా ఉన్నన్నాళ్లు అమెరికా బ్యాంకు డిపాజిట్ వడ్డీపై అక్కడ పన్ను లేదు, నాన్ రెసిడెంటునని తెలిపే డబ్ల్యూ-8బెన్ ఫారం బ్యాంకుకు ఇస్తే చాలు. 2026లో నెలకు 880 చొప్పున వేస్తే అసలు పన్ను కంటే వెయ్యి ఎక్కువే చేరుతుంది, అది ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వడ్డీకి అక్కరకొస్తుంది.

మీరు ఎకనామిస్టు కాబట్టి వెంటనే అడుగుతారు: ఏడాదికి 18% అప్పు నెత్తిన పెట్టుకుని, అంతకంటే ఎంతో తక్కువ వడ్డీ వచ్చే ఖాతాలో డబ్బు మూలబెట్టడమేమిటని. లెక్క చూద్దాం. 6 లక్షలంటే సుమారు 6,670 డాలర్లు. జీతం 6,000లో రాష్ట్ర పన్ను, బీమా కోత ఓ 500 అనుకుందాం. ముడుపు 880. అద్దె, తిండి, రవాణాకు 3,600. ఇంకా వెయ్యి మిగులుతుంది. ఆ వెయ్యితోనే కడితే అప్పు ఏడు నెలల్లో తీరుతుంది, ముడుపు కూడా కలిపితే నాలుగు నెలల్లో. రెండింటికీ వడ్డీలో తేడా సుమారు 150 డాలర్లు, అంటే 13,500 రూపాయలు. అంత మాత్రానికి ముడుపు విప్పడం నాకు నచ్చదు, ఎందుకంటే ఒకసారి విప్పిన ముడుపు మళ్లీ కట్టడం కష్టం. బోస్టన్, న్యూయార్క్ లాంటి చోట్ల ఒక్కరే ఉంటే 3,600 చాలదు. అక్కడైతే రూమ్మేటును వెతుక్కోండి, ముడుపు మాత్రం తగ్గించకండి.

చేతిలో డబ్బు ఆగదని మీకు మీరే అనుమానపడితే ఇంకో దారి ఉంది. మినహాయింపు ఇప్పుడు అడగకండి, పన్ను కోయనివ్వండి. రెండేళ్లలోపు దేశం విడిచాక 1040-ఎక్స్‌తో రిటర్నులు సవరించి రిఫండ్ అడగవచ్చు. రిటర్ను వేసిన నాటి నుంచి మూడేళ్లు గడువు. కాగితం పని ఎక్కువ, రిఫండ్ ఆలస్యంగా వస్తుంది, కానీ బాకీ పడే ప్రశ్నే లేదు.

ఇప్పుడు తేదీలు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రెండేళ్లు లెక్కించేది ఉద్యోగంలో చేరిన రోజు నుంచి కాదు, ఆ పని మీద అమెరికాలో అడుగుపెట్టిన రోజు నుంచి. కాంట్రాక్టు 2026 ఆగస్టు 16 నుంచి 2028 ఆగస్టు 15 వరకు ఉండి, ఇల్లు వెతుక్కోవడానికని మీరు ఆగస్టు 1నే దిగారనుకోండి, కాంట్రాక్టే మిమ్మల్ని రెండేళ్లు దాటిస్తుంది. ముగింపు తేదీని 2028 జులై మధ్యకు మార్చమని డిపార్ట్‌మెంటును ఇప్పుడే అడగండి. తరగతులు మేలోనే అయిపోతాయి కాబట్టి సాధారణంగా అభ్యంతరం ఉండదు. జే-1 ముగిశాక ఇచ్చే 30 రోజుల గ్రేస్ మొత్తం వాడుకోకండి, ఈ రెండేళ్లు నిండకముందే బయల్దేరండి. ఇంకొకటి, డీఎస్-2019 (జే-1 వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మూడేళ్లకు ఇచ్చారా చూడండి. మూడేళ్లకు ఇస్తే మొదటి రోజు నుంచే మినహాయింపు అడగడానికి వీల్లేదు.

మినహాయింపు దానంతటదే రాదు. ఫారం 8233, దానికి జతగా టీచర్లు, పరిశోధకుల కోసం ఐఆర్‌ఎస్ నిర్దేశించిన ప్రకటన పేరోల్‌కు (యూనివర్సిటీ జీతాల విభాగానికి) ఇవ్వాలి, ప్రతి జనవరిలో మళ్లీ ఇవ్వాలి. దీనికి సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలి. దిగిన పది రోజులకు దరఖాస్తు చేస్తే మంచిది, అంతకు ముందైతే మీ రాక వివరాలు సిస్టమ్‌లో కనిపించక తిప్పి పంపుతుంటారు. నంబర్ వచ్చేలోగా పడిన జీతాల్లో పన్ను కోస్తారు, కంగారుపడకండి, రిటర్నులో తిరిగి వస్తుంది. మినహాయింపు పొందిన జీతం మామూలు జీతపు పత్రం డబ్ల్యూ-2లో కాక, విదేశీయులకిచ్చే 1042-ఎస్‌లో వస్తుంది. పన్ను సున్నా అయినా ఏప్రిల్ 15లోగా నాన్ రెసిడెంట్ల రిటర్ను 1040-ఎన్ఆర్, దానితో మీరున్న రోజులను రెసిడెన్సీకి లెక్కించొద్దని తెలిపే ఫారం 8843 వేయాలి. హెచ్-1బి మీదున్న స్నేహితులు టర్బోట్యాక్స్ సాఫ్ట్‌వేర్ వాడమంటారు. అది రెసిడెంట్ల 1040 వేస్తుంది, మీకు అర్హత లేని స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఇచ్చేస్తుంది. తర్వాత సవరించుకోలేక తల ప్రాణం తోకకొస్తుంది. నాన్ రెసిడెంట్ల కోసం యూనివర్సిటీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌నే వాడండి.

రాష్ట్ర పన్ను వేరే లెక్క. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు ఫెడరల్ ఒప్పందాన్ని పట్టించుకోవు, పూర్తి జీతంపై పన్ను వేస్తాయి. మీ యూనివర్సిటీ ఏ రాష్ట్రమో మీరు రాయలేదు, పేరోల్‌ను అడగండి. అదే ఈమెయిల్‌లో మరో రెండు ప్రశ్నలు చేర్చండి. ఒకటి, ఇచ్చేది జీతమా, సర్వీసు లేని స్టైపెండా? పేరు ఫెలోషిప్ అయినా కోర్సు చెప్పే బాధ్యత ఉంది కాబట్టి జీతంగానే ఇవ్వాలి. కొన్నిచోట్ల రెండు ముక్కలు చేస్తారు, స్టైపెండ్ ముక్కకు ఉద్యోగుల ఆరోగ్య బీమా లాంటివి వర్తించకపోవచ్చు. రెండు, జీతం 12 నెలలకు పంచుతారా, 9 నెలలకా? తొమ్మిదైతే వేసవిలో మూడు నెలలు చేతికేమీ రాదు, నేను పైన వేసిన నెలవారీ లెక్క తిరగరాసుకోవాలి. రీలొకేషన్ డబ్బు ఇస్తే అది చేరాకే వస్తుంది, పైగా జీతంలో కలిపి లెక్కేస్తారు. కాబట్టి విమానం టికెట్, ఇంటి అడ్వాన్సు, తొలి నెల ఖర్చు ఇక్కడి నుంచే పట్టుకెళ్లాలి. దానికోసం మళ్లీ నూటికి రూపాయిన్నరకు చెయ్యి చాచకండి, డిపార్ట్‌మెంటు అడ్వాన్సు ఇస్తుందేమో ముందు అడగండి.

2028 జనవరి గురించి ఎవరూ చెప్పరు. నాన్ రెసిడెంటుగా ఉన్న జే-1 స్కాలరుకు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు ఉండవు. కానీ ఈ హోదాను లెక్కించేది క్యాలెండర్ సంవత్సరాల్లో. 2026లో మీరున్న అయిదు నెలలను కూడా పూర్తి సంవత్సరంగా లెక్కేస్తారు, 2027తో కోటా అయిపోతుంది. 2028 జనవరి నుంచి జులై వరకు ఉంటే 183 రోజులు దాటతాయి, రెసిడెంటు అవుతారు. అప్పటి నుంచి 7.65%, అంటే నెలకు 459 డాలర్లు కోస్తారు, పొరపాటు జరిగిందని పేరోల్‌తో గొడవపడకండి. 22వ అధికరణం మాత్రం రెండేళ్లు నిండేదాకా నడుస్తుంది. అయితే ఆ ఏడాది 8233 బదులు రెసిడెంట్లు ఇచ్చే డబ్ల్యూ-9 ఫారం, దానికి జతగా ఒప్పందపు ప్రకటన ఇవ్వాలి.

రెసిడెంటు అయితే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపాలి. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాల నివేదిక) వేయాలి. మన మ్యూచువల్ ఫండ్లను అమెరికా చట్టం పీఫిక్ అనే వర్గంలో చూస్తుంది, వాటి ఫారాలు, పన్ను లెక్క తలనొప్పి. మీకు ఫండ్లుంటే 2027 డిసెంబర్ 31లోపు అమ్మేయండి, కొత్త సిప్‌లు పెట్టకండి.

పేరోల్ 403-బి రిటైర్మెంట్ ఖాతా ఇస్తుందని ఫారం పంపవచ్చు. పన్ను ఆదా అవుతుందని అందరూ అందులో వేస్తారు. మీకు ఇప్పుడు పన్నే లేదు, అందులో ప్రీట్యాక్స్‌గా వేస్తే పన్ను లేని డబ్బును పన్ను పడే డబ్బుగా మార్చుకున్నట్టు. యూనివర్సిటీ తన వాటా ఇస్తానంటే, అది వెంటనే మీ సొంతమయ్యేదైతేనే ఆలోచించండి.

బీమా విషయం తేలిగ్గా తీసుకోకండి. జే-1 నిబంధన ప్రకారం ఒక్కో జబ్బుకు లక్ష డాలర్ల కవర్ ఉండాలి, డిడక్టబుల్ (బీమా కంపెనీ కంటే ముందు మీరే కట్టాల్సిన మొత్తం) 500 దాటకూడదు. యూనివర్సిటీ పాలసీ చాలాచోట్ల మరుసటి నెల ఒకటో తేదీ నుంచే మొదలవుతుంది. మధ్య రోజులకు విడిగా కొనుక్కోండి.

ఇక్కడి పనులు కొన్నే. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఉన్నా 182 రోజులు దాటవు, ఉద్యోగం కోసం వెళ్తున్నారు కాబట్టి 2026-27కే మీరు ఇక్కడ నాన్ రెసిడెంటు, ఆ జీతంపై భారత్‌లో పన్ను లేదు. పొదుపు ఖాతాను ఎన్ఆర్ఓ (ప్రవాసుల రూపాయి ఖాతా)గా మార్పించండి. పీపీఎఫ్ ఉంటే గడువు దాకా కొనసాగించవచ్చు. అప్పు తీర్చడానికి పంపే డబ్బు బ్యాంకు ఖాతా నుంచే పంపండి. 2026 జనవరి నుంచి వచ్చిన 1% రెమిటెన్స్ పన్ను నగదు, మనీ ఆర్డర్ల లాంటి వాటికే. అప్పు ఇచ్చినాయనతో అసలు విడతలుగా తీసుకుంటాడో లేదో బయల్దేరే ముందే మాట్లాడి, ప్రతి చెల్లింపునూ నోటు వెనక రాయించేలా ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లండి.