పాత ఫోన్ అమ్మేటప్పుడు మొహమాటం వద్దు

సెలవకి తిరుపతి వచ్చిన ప్రతిసారీ మా వీధిలో ఎవడో ఒకడు అమెరికా ప్రయాణంలో ఉంటాడు. ఈసారి ఎదురింటి పిల్లోడు. "అన్నా, ఆడ చేరినాక కొత్త ఫోన్ కొంటా గదా, పాతది యాడ అమ్మేది?" అన్నాడు.

ఇక్కడైతే తెలిసిన సెల్ అంగడికి పోతాం, ఆధార్ జిరాక్స్ తీసుకుని వాడే కొంటాడు. అక్కడ ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెడితే వచ్చేది ముక్కూ మొగం తెలియనోడు. డల్లాస్‌లో మొదటి ఏడాది నేను ఒక మానిటర్ అమ్మినా. కొనేవాణ్ణి రూముకే రమ్మని, మన బుద్ధి కొద్దీ కాఫీ కూడా ఇచ్చినా. "జెల్‌లో పంపేసినా" అని వాడి ఫోన్ చూపించినాడు. జెల్ అంటే అక్కడి బ్యాంకు యాప్ నుంచే నేరుగా డబ్బు పంపే పద్ధతి. అప్పుడే నా బ్యాంకు యాప్ తెరిచి చూస్తే అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నా. ఆ 120 డాలర్లు ఈరోజుకీ రాలేదు.

అక్కడ చాలా ఊళ్లలో పోలీస్ స్టేషన్ పార్కింగులోనే ఇట్లాంటి బేరాలకని కెమెరా కింద చోటు కేటాయించి ఉంటారు. స్టేషన్ అనంగానే ఎదురింటి పిల్లోడు నవ్వినాడు. మన ఊర్లో స్టేషన్ మెట్లెక్కితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది, నిజమే. అక్కడ లోపలికి పోయే పనే లేదు. పగటిపూట రూమ్మేట్‌ని తోడు పెట్టుకుని పో, డబ్బు నీ యాప్‌లో పడినాకే వస్తువు చేతికియ్యి. "మీ ఇంటికే వస్తా" అని పట్టుబట్టేవాడి బేరం మనకొద్దు. క్యాషియర్ చెక్కు, అంటే బ్యాంకే రాసిచ్చే చెక్కు, అదీ వద్దు. ఖాతాలో డబ్బు పడినట్టే కనబడి, చెక్కు దొంగదని తేలినాక వెనక్కి పోతుంది. "నువ్వు నిజమైనోడివేనా, నీకొచ్చిన ఆరంకెల కోడ్ చెప్పు" అంటే కూడా చెప్పొద్దు. దాంతో నీ నంబరు మీద గూగుల్ వాయిస్ నంబరు, అంటే గూగుల్ ఇచ్చే ఇంటర్నెట్ ఫోన్ నంబరు, తీసుకుంటారు.

ఇక ఫోన్ సంగతి. మనవాళ్లు తొందరపడేది ఇక్కడే. మొత్తం చెరిపే ముందు యూనివర్సిటీ లాగిన్‌కి వాడే డుయో యాప్‌ని కొత్త ఫోన్‌లోకి మార్చుకో, లేకుంటే హోంవర్కు కూడా తెరుచుకోదు. ఇండియా సిమ్ తీసి దాచుకో, ఇక్కడి బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. ఐఫోన్ అయితే ఐక్లౌడ్ నుంచి సైనవుట్ అయినాకే చెరుపు. అది మర్చిపోతే కొన్నవాడికి ఫోన్ తెరుచుకోదు, రాత్రి పదకొండుకి నీకే ఫోన్ చేస్తాడు.

అంతా విని వాడు, "ఛార్జర్ కూడా ఇచ్చేయాల్నా అన్నా?" అన్నాడు. మన గుండ్రటి పుల్లల ఛార్జర్ అక్కడి ప్లగ్గులో దూరదు నాయనా, ఎవరూ అడగరు.